ఐదుసార్లు వెళ్ళగొట్టబడిన కాపరి అతనేసియస్



క్రొత్త నిబంధనలో ఎన్ని పుస్తకాలని మన సండే స్కూలు పిల్లలను అడిగితే తడుముకోకుండా 27 అంటారు. ఆ 27 మాత్రమేనని జాబితా రాసినవారిలో మనకు తెలిసినంతవరకు మొదటివాడు అలెక్సంద్రియ బిషప్పు అతనేసియస్. 367వ సంవత్సరములో ఐగుప్తు సంఘములకు పంపిన పండుగ లేఖలో ఆ జాబితా ఉంది. అది రాసేనాటికి ఆయన ఐదుసార్లు తన పట్టణమునుండి వెళ్ళగొట్టబడి తిరిగి వచ్చిన వృద్ధుడు.

అలెక్సంద్రియ అంటే మన అపొల్లో ఊరే. అక్కడ బిషప్పు అలెగ్జాండర్ దగ్గర అతనేసియస్ పరిచారకుడుగా ఉండేవాడు. ఆ రోజుల్లోనే ఏరియస్ అనే సంఘ పెద్ద, కుమారుడు సృజింపబడినవాడనీ ఆయన లేని కాలమొకటి ఉండెననీ బోధింపసాగాడు. దానిని పాటలుగా కట్టి ఓడలవారికి, తిరగలి విసిరేవారికి నేర్పాడంటారు. పాటగా వచ్చిన బోధ ప్రసంగము కంటె త్వరగా పాకుతుందని మనకు వేరే చెప్పనక్కరలేదు.

325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో సభ పిలిపించాడు. తండ్రి కుమారులు ఏకతత్వము గలవారని అక్కడ ఒప్పుకోలు రాశారు. మూడేండ్లకు అతనేసియస్ బిషప్పు అయ్యాడు, కష్టాలూ మొదలయ్యాయి. 350ల తరువాత కొందరు, ఏకతత్వము అనవద్దు, పోలిన తత్వము అందామన్నారు. గ్రీకులో రెండు మాటలకు తేడా ఒక్క అక్షరము. మోక వంటి సరిహద్దు ఊళ్ళలో మనము పాలు అంటే కన్నడిగులు హాలు అంటారు; అక్షరం మారినా గిన్నెలోది ఒకటే. ఇక్కడ అట్లా కాదు. సృష్టింపబడినవాడు సృష్టిని రక్షింపలేడన్నది అతనేసియస్ పట్టు. బాప్తిస్మము సంగతీ ఎత్తాడు: కుమారుడు సృష్టములో ఒకడైతే, తండ్రితోపాటు ఆయన నామములోనికి ఎందుకు బాప్తిస్మమివ్వాలి? అయినా పోలిన తత్వమన్నవారందరినీ శత్రువులనుకోలేదు. భావము కలిసినవారిని సహోదరులనే రాశాడు. ఆయనలో నాకు ఎక్కువ నచ్చేది అదే.

335లో తూరు సభలో ఆయనమీద నేరాలు మోపారు. అర్సేనియస్ అనేవానిని చంపించి చెయ్యి నరికించాడని, ఒక ఎండిన చేతిని చూపారట. ఆయన మనుషులు అర్సేనియస్‌ను వెదికి తెచ్చి, రెండు చేతులతో సభలో నిలబెట్టారని పాత చరిత్రకారులు రాశారు. అయినా తీర్పు ఆయనకు విరోధంగానే వచ్చింది. రాజధానికి పోయే ధాన్యపు ఓడలను ఆపుతానన్నాడన్న ఫిర్యాదు మీద, చక్రవర్తి ఆయనను నేటి జర్మనీలోని ట్రియర్‌కు పంపివేశాడు. రెండవసారి రోమ్‌కు వెళ్ళి, ఏడేండ్లు ఊరికి దూరముగా ఉన్నాడు. 356లో రాత్రి ఆరాధన జరుగుతుండగా సైనికులు మందిరములో చొరబడ్డారు. సన్యాసులు ఆయనను ఎడారిలో ఆరేండ్లు దాచారు. తరువాత జూలియన్ కాలములో నైలు నదిమీద తరుముతున్నవారికి తన పడవనే ఎదురు తిప్పాడట. అతనేసియస్ కనబడ్డాడా అని వారు అడిగితే, దగ్గరలోనే ఉన్నాడని జవాబిచ్చి సాగిపోయాడట. ఐదవది వాలెన్స్ చక్రవర్తి కాలములో. మొత్తము 17 ఏండ్లు ఊరికి దూరమే. ఆ దూరమునుండి కూడ ఉత్తరాలతోనే సంఘమును పట్టి ఉంచాడు. ఊరు విడిచి వచ్చిన మన తొలితరము వారికి ఉత్తరము విలువ తెలుసు.

మచ్చలేనివాడని మాత్రం అనలేము. ప్రత్యర్థులైన మెలిటియస్ వర్గమువారిని ఆయన పక్షము వారు కొట్టారని చెప్పే ఆ కాలపు ఉత్తరమొకటి ఐగుప్తులో దొరికింది. ఇక ఆయన పేరుతో చెలామణి అయ్యే విశ్వాస ప్రమాణము ఆయన రాసినది కాదు; తరువాతి కాలములో లాటిన్‌లో పుట్టినది.

366లో తిరిగి వచ్చాక మరి ఎవరూ ఆయనను కదిలించలేదు. 373 మే 2న తన పట్టణములోనే కన్నుమూశాడు. ఎనిమిదేండ్లకు, 381లో, కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా ఒప్పుకోలును తిరిగి స్థిరపరచింది.