రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు – అమరావతి కోట

మన సంఘం ప్రత్యేక సంచికకు పూర్వపు ప్రముఖులలో ఒకరి జీవితం గురించి రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరగానే నాకు తోచిన పేరు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారిది. నేను చరిత్రకారుణ్ణి కాను. సర్వే శాఖలో 36 ఏళ్ళు గొలుసు పట్టుకుని పొలం గట్ల మీద తిరిగి, రిటైరయ్యాక చిలకలూరిపేటలో స్థిరపడినవాణ్ణి. హద్దురాళ్ళ గురించి తప్ప మరో విషయం గురించి సాధికారంగా మాట్లాడలేను. అయినా ఈయన కథ రాయడానికి నాకొక సొంత కారణం ఉంది. అది చివర మనవి చేసుకుంటాను.

నిరుడు కార్తీక మాసంలో మేము కొందరం కుటుంబాలతో అమరావతి వెళ్ళాం. అమరేశ్వరుని దర్శనం అయ్యాక మిగతావారు కృష్ణ ఒడ్డున పులిహోర పొట్లాలు విప్పుకుంటుంటే, నేను నాయుడు గారి కోట ఆనవాళ్ళు చూద్దామని బయలుదేరాను. ఒకప్పుడు ఏనుగులు, పల్లకీలు నిలిచిన దివాణానికి ఇప్పుడు మిగిలింది మొండి గోడలే. ఇటుకల మధ్య గచ్చు మాత్రం ఇంకా గట్టిగా ఉంది. సున్నాన్ని గానుగలో నూరి, బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టే ఆనాటి పనితనం అది. మన కాలపు సిమెంటు గోడ నలభై ఏళ్ళకే పెచ్చులూడుతుంటే, ఆ గచ్చు రెండు వందల ఏళ్ళు దాటినా గోటికి రాలేదు.

నాయుడు గారు 1783లో జమీందారీకి వచ్చారు. అప్పటికి గుంటూరు సీమ నిజాం ఏలుబడిలో ఉంది. 1788లో అది ఇంగ్లీషు కుంపెనీ చేతికి పోయింది. ఈ సీమను పంచుకున్న జమీందార్లలో వాసిరెడ్డి వారిదే పెద్ద భాగం. మన చిలకలూరిపేట కూడా ఆనాడు వేరొక జమీందారీకి కేంద్రమే. వాసిరెడ్డి వారి రాజధాని మొదట చింతపల్లి. అక్కడ కుంపెనీ సిపాయిలతో తగాదా వచ్చి, ఆ ఊరిలో ఉండనని నాయుడు గారు అమరావతికి మారారని ఒక కథ. చెంచులు ఊళ్ళు దోచుకుంటున్నారని వారిని విందుకు పిలిపించి తలలు నరికించారనీ, ఆ తరువాత అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగులై కనిపించేవనీ, ఆ పాపం పోగొట్టుకోవడానికే అమరేశ్వరుని సన్నిధికి వచ్చారనీ మరో కథ. నరికిన చోటు నరుకుళ్ళపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమున్నా, ఒక ఊరి పేరు దాన్ని మరువనివ్వడం లేదు.

కొత్త పట్నం పని 1790ల్లో మొదలైంది. సర్వేయరుగా నాకు ముచ్చటైన సంగతి ఏమంటే, ఆయన ముందు వీధులు వేయించి తరువాత ఇళ్ళు కట్టించారు. వెడల్పయిన తిన్నని వీధులు తీయించి, వర్తకులను, పండితులను, చేతిపనుల వారిని రప్పించి నివేశన స్థలాలు ఇచ్చారు. తన కోట, పరివారానికి ఇళ్ళు కట్టించి, అమరేశ్వరాలయాన్ని బాగు చేయించారు. ఇంత పనికి ఇటుకా రాయీ కావాలి గదా! పనివాళ్ళు వెతుక్కుంటూ పోయి ఊరి పక్కనున్న దీపాలదిన్నె తవ్వారు. పెద్ద పెద్ద ఇటుకలు, చెక్కిన తెల్లని రాతిపలకలు బయటపడ్డాయి. అవి శాతవాహనుల నాటి మహాస్తూపానివని అప్పుడు ఎవరికీ తెలియదు. పలకలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని శివగంగ చెరువు కట్టడంలో కలిశాయి. మరికొన్ని సున్నపు బట్టీకి పోయాయి.

ఈ సంగతి విని 1790ల చివరిలో అక్కడికి వచ్చినవాడు మా శాఖ వాడే. కాలిన్ మెకంజీ, స్కాట్లాండు ఉత్తరాన లూయిస్ దీవిలో పుట్టి కుంపెనీ కొలువులో సర్వేయరుగా పని చేసినవాడు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తాను చూసినదాన్ని 1807లో అచ్చు వేయించాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడిబొడ్డు తవ్వి చెరువు చేశారు. మిగిలిన పలకలనైనా కాగితం మీద దక్కించుకుందామని తన మనుషులను నెలల తరబడి కూర్చోబెట్టి బొమ్మలు గీయించాడు. ఈనాడు స్తూపం రూపం ఎలా ఉండేదో మనకు తెలియడానికి ఆ కొలతలూ బొమ్మలే ముఖ్య ఆధారం.

అలాగని నాయుడు గారిని విధ్వంసకుడని తీసిపారేయలేం. మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి వారి గాలిగోపురం 1807–09 నడుమ ఆయన కట్టించినదే. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. గోపురం కట్టగానే ఒక పక్కకు ఒరిగితే, ఎదురుగా కోనేరు తవ్వించాక తిన్నగా నిలబడిందని అక్కడివారు చెబుతారు. తన బరువుకు సరితూగే బంగారాన్ని తులాభారం తూగి పంచిపెట్టారని ప్రతీతి. గుడులకు, పండితులకు ఇచ్చిన మాన్యాలకు లెక్క లేదు.

ఆయనకు లేనిది ఒక్క సంతానమే. మొదట జగన్నాథబాబును దత్తత తీసుకున్నారు. ఆ కుమారుడు ఉండగానే రామనాథబాబును రెండో దత్తత తీసుకున్నారు. 1816లో ఆయన కన్నుమూయగానే ఆస్తి ఎవరిదనే వ్యాజ్యం మొదలైంది. అది కోర్టుల వెంట తిరిగి సముద్రం దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. ఈలోగా పేష్కషు బకాయిలు కొండలా పెరిగాయి. 1833 నాటి గుంటూరు కరువు సీమనంతా పీల్చి పిప్పి చేసింది.

ఈ జమీందారీల సంగతి విచారించడానికి 1845లో ప్రభుత్వం వాల్టర్ ఇలియట్‌ను పంపింది. ఈయనా స్కాట్లాండు వాడే. రాక్స్‌బర్గ్‌షైర్‌లో వుల్ఫ్‌లీ అనే ఎస్టేటు ఇల్లు వీరి కుటుంబానిది. పగలు జమీందారీ లెక్కలు చూసిన ఇలియటే, అదే ఏడాది దీపాలదిన్నె తవ్వించి దొరికిన శిల్పాలను మద్రాసుకు పంపాడు. ఆయన విచారణ తరువాత కొద్దికాలంలోనే వాసిరెడ్డి వారి ఎస్టేటు సర్కారు పరమైంది. శిల్పాలలో 121 పలకలు 1859లో లండన్‌కు వెళ్ళాయి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా భాగం చెన్నై మ్యూజియంలో ఉంది. ఇలియట్ చివరికి తన వుల్ఫ్‌లీకి చేరి, కంటిచూపు మందగించినా దక్షిణ భారత నాణేల గురించి గ్రంథం పూర్తి చేసి, 1887లో అక్కడే మరణించాడు.

నాయుడు గారి వీధుల్లో జనం తిరుగుతున్నారు. గోపురం నిలిచి ఉంది. గుడిలో దీపం వెలుగుతోంది. తనవారి కోసం కట్టుకున్న ఇల్లు మాత్రమే నిలవలేదు. దాన్ని వానలూ శత్రువులూ కూల్చలేదు. తన తరువాత ఎవరిదని ఆయన తేల్చి చెప్పకపోవడమే దాన్ని కూల్చిందని నాకు అనిపించింది.

ఇక నా సొంత కారణం. మా ఊళ్ళో మా నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు ఉండేది. ఆయన వీలునామా రాయలేదు. నడిమి గోడ ఎవరి వాటాలోకి వస్తుందనే దాని మీద నాకూ మా తమ్ముడికీ పదకొండేళ్ళు మాటల్లేవు. ఊరందరి హద్దులూ తేల్చిన నేను మా ఇంటి హద్దు తేల్చలేకపోయాను. మరమ్మతు ఎవరు చేయించాలో తేలక ఒక తుఫానులో వెనక పంచ కూలింది, మరుసటి ఏడు దూలం పడింది. ఇప్పుడక్కడ కంపచెట్లు మొలిచాయి.

అమరావతి నుంచి తిరిగి వచ్చిన మర్నాడే బస్సెక్కి తమ్ముడింటికి వెళ్ళాను. వాడు గుమ్మంలో నన్ను చూసి ఏమీ మాట్లాడలేదు. మరదలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నడిమి గోడ వాడికే వదులుతున్నానని చెప్పాను. గోడ ఎక్కడుందని వాడు నవ్వాడు. ఆ తరువాత ఇద్దరం కంట తడి పెట్టుకున్నాం. పై వారంలో పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నాం. నా పేరనున్న ఈ పేట ఇంటికి కూడా వీలునామా రాసి, పిల్లలిద్దరికీ చదివి వినిపించాను.

మిత్రులారా, మన ఆస్తులకు ప్రివీ కౌన్సిల్ అక్కరలేదు. మనం కళ్ళు తెరచి ఉండగా పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక కాగితం రాయడం చాలు. ఈ సంచిక చదివాక ఒక్క ఇంట్లోనైనా ఆ పని జరిగితే నా శ్రమ ఫలించినట్లే. సెలవు.