సహనమూర్తి ఇమాము అహ్మద్ బిన్ హంబల్

ఇస్లాము మతమున ఓరిమికి ‘సబర్’ అని పేరు. ఆ సుగుణమునకు తమ జీవితమునే నిదర్శనముగా నిలిపిన మహనీయులు ఇమాము అహ్మద్ బిన్ హంబల్. వీరు క్రీ.శ. 780లో బాగ్దాదు నగరమున జన్మించిరి. పసితనముననే తండ్రి గతింపగా తల్లియే పెంచి విద్య చెప్పించెను. ముహమ్మదు ప్రవక్త పలుకులును, నడవడియు తెలుపు హదీసులను సేకరించుటకై బస్రా, కూఫా, మక్కా, మదీనా నగరములకును, యెమెను దేశమునకును ఎన్నో శ్రమలకోర్చి పయనించిరి. వారు కూర్చిన ‘ముస్నద్’ గ్రంథమున దాదాపు 27,000 హదీసులు కలవు.

833లో ఖలీఫా మామూను, ఖురాను సృష్టింపబడినదేయని పండితులెల్లరు అంగీకరింపవలెనని శాసించెను. పెక్కుమంది భయపడి తలయొగ్గిరి. ఖురాను దైవవాక్కే గాని సృష్టి కాదని నమ్మిన ఇమాముగారు సంకెళ్ల పాలైరి. తరువాతి ఖలీఫా ముతసిము కొరడాలతో కొట్టించినను మాట మార్చలేదు. చెరనుండి వెలువడిన పిదప ప్రజలను తిరుగుబాటునకు పురికొల్పలేదు. తమ్ము కొట్టించిన ఖలీఫాను సైతము క్షమించిరి.

ముతవక్కిలు ఏలుబడిలో ఆ నిర్బంధము తొలగి రాజాదరము లభించెను. అయినను రాజు కానుకలను వారు ఆశింపలేదు. కొరడాకు జంకని ఆ ఓరిమి కానుకలకును లొంగలేదు. 855లో బాగ్దాదుననే వారు కన్నుమూసిరి. నమ్మినదానిని విడువకయు, పగ పూనకయు జీవించుటయే సబరని వారి చరిత్ర మనకు బోధించుచున్నది.