ఆకాశపు రాళ్లకు వకాల్తా పుచ్చుకున్న క్లాడ్నీ



ఎండాకాలం రాత్రుళ్లు మిద్దె మీద పడుకొని ఆకాశం వైపు చూసినప్పుడు చుక్క రాలడం మనలో చూడనివారు ఉండరు. గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున అయినా, వనపర్తి చెలకల్లో అయినా, నాగర్‌కర్నూలు దాటి నల్లమల అంచున అయినా ఆ దృశ్యం ఒక్కటే. అలా వెలిగి ఆరిపోయేదాన్ని ఉల్క అంటాము. పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరిన ముక్కను ఉల్కాశకలం అంటాము. ఇవాళ హైస్కూలు పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. కానీ 230 ఏళ్ల కిందట ఆకాశం నుంచి రాళ్లు పడతాయని ఎవరైనా అంటే యూరప్‌లోని పెద్ద పెద్ద పండితులు నవ్వేవారు. చదువురాని పల్లెటూరివాళ్ల కట్టుకథ అని తోసిపారేసేవారు. ఆ పల్లెటూరివాళ్ల మాటే నిజమని పుస్తకం రాసి నిలబడ్డ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్లాడ్నీ. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మీకు పరిచయం చేయాలని అనుకున్నాము.

బాల్యం – చదువు

క్లాడ్నీ 1756 నవంబరు 30న జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పట్టణంలో జన్మించారు. తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యులు. చాలా కఠినమైన మనిషి. కొడుకును ఇల్లు దాటి తిరగనిచ్చేవారు కాదు. క్లాడ్నీ చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. గదిలో కూర్చొని పటాలు, ప్రయాణాల పుస్తకాలు చదవడమే ఆ పిల్లవానికి లోకం. పెద్దయ్యాక వైద్యం చదవాలని ఆయన కోరిక. తండ్రి ఒప్పుకోలేదు. తండ్రి మాట కాదనలేక లా చదివి 1782లో పట్టా తీసుకున్నారు. అదే సంవత్సరం తండ్రి కన్నుమూశారు. చేతిలో లా పట్టా ఉన్నా మనసంతా విజ్ఞానశాస్త్రం మీదనే ఉండటంతో ఆయన ఆ దారి పట్టారు. అయితే ఇష్టం లేకుండా చదివిన ఆ న్యాయశాస్త్రం వృథా పోలేదు. ఎలా ఉపయోగపడిందో ముందు ముందు చూద్దాము.

ఇసుక గీసిన బొమ్మలు

భౌతికశాస్త్రం చదివిన మిత్రులకు క్లాడ్నీ పేరు ధ్వని పాఠంలో తగిలే ఉంటుంది. లోహపు పలక మీద సన్నని ఇసుక చల్లి, పలక అంచును వయొలిన్ కమానుతో రాస్తే పలక కంపిస్తుంది. ఎక్కువగా కంపించే చోట ఇసుక నిలువదు. కదలిక లేని గీతల మీదికి వచ్చి చేరుతుంది. అప్పుడు ముగ్గు వేసినట్టు అందమైన ఆకారాలు ఏర్పడతాయి. వీటినే క్లాడ్నీ చిత్రాలు అంటారు. 1787లో ఈ ప్రయోగాలను ఆయన పుస్తకంగా వేశారు.

ఇంత పేరు వచ్చినా ఆయనకు ఏ విశ్వవిద్యాలయంలోనూ ఉద్యోగం దొరకలేదు. నెల జీతం అన్నది జీవితంలో ఎరుగరు. తాను తయారు చేసిన వాయిద్యాలను బండిలో వేసుకొని ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇస్తూ, ప్రయోగాలు చూపిస్తూ, వచ్చిన రుసుముతో బతికారు. 1809లో పారిస్‌లో నెపోలియన్ చక్రవర్తి ఆయన ప్రయోగాలు చూసి మెచ్చి 6000 ఫ్రాంకులు బహూకరించారు. ధ్వనిశాస్త్ర గ్రంథాన్ని ఫ్రెంచి భాషలోకి తేవడానికి ఆ సొమ్ము పనికి వచ్చింది.

పండితులు నమ్మని సాక్ష్యం

క్లాడ్నీ కాలంలో లోకం ఏమనుకునేదో ఒకటి రెండు ఉదాహరణలు చెబుతాము. 1768 సెప్టెంబరు 13న ఫ్రాన్స్‌లోని లూసే అనే ఊరి దగ్గర పెద్ద చప్పుడుతో ఒక రాయి పడింది. పంట కోతల్లో ఉన్నవాళ్లు కళ్లారా చూశారు. ఆ రాయి పారిస్ సైన్స్ అకాడమీకి చేరింది. దాన్ని పరీక్షించిన ముగ్గురిలో మన కెమిస్ట్రీ పుస్తకాల్లో కనిపించే లవోయిజర్ ఒకరు. అది భూమి మీది రాయే, పిడుగు పడి పైభాగం కరిగింది అని వారు తేల్చారు. కూలీల మాట లెక్కలోకి రాలేదు.

1790 జూలైలో అదే ఫ్రాన్స్‌లో బార్బోటాన్ దగ్గర రాళ్ల వాన కురిసింది. దాదాపు మూడు వందల మంది సంతకాలతో ఊరివారు మహజరు పంపితే, ఒక ఊరు ఊరంతా ఇలాంటి నమ్మకంలో మునిగిపోయిందే అని చదువుకున్నవారు జాలిపడ్డారు. చూసినవారు ఎందరున్నా చూసినవారు ఎవరన్నదే అప్పటి లెక్క.

గ్రంథాలయంలో మూడు వారాలు

1793లో క్లాడ్నీ గోటింగెన్ నగరంలో లిచ్టెన్‌బర్గ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి కలిశారు. అంతకు రెండేళ్ల ముందు లిచ్టెన్‌బర్గ్ ఆకాశంలో ఒక పెద్ద అగ్నిగోళాన్ని స్వయంగా చూశారు. ఆ ముచ్చట్లతో క్లాడ్నీకి ఆసక్తి పుట్టింది. వెంటనే అక్కడి గ్రంథాలయంలో కూర్చొని మూడు వారాల పాటు పాత పుస్తకాలు, పాత రికార్డులు తిరగేశారు. అగ్నిగోళాలను చూసినవారి కథనాలు, రాళ్లు పడ్డాయని చెప్పినవారి కథనాలు వేరువేరుగా రాసుకున్నారు.

ఇక్కడే లా చదువు అక్కరకు వచ్చింది. సాక్షి డిగ్రీ ఏమిటని ఆయన అడగలేదు. సాక్ష్యం సాక్ష్యంతో కలుస్తుందా లేదా అని చూశారు. వేరువేరు శతాబ్దాలలో, వేరువేరు దేశాలలో, ఒకరి భాష ఒకరికి తెలియని రైతులు, కూలీలు ఒకే తీరుగా చెప్పారు. మొదట మండుతున్న గోళం, తర్వాత ఫిరంగి పేలినట్టు మోత, ఆపైన నల్లని పొర కప్పిన రాయి. ఇంతమంది కూడబలుక్కొని అబద్ధం ఆడటం సాధ్యం కాదు. కాబట్టి వారు చూసింది నిజమే అయి ఉండాలని క్లాడ్నీ తీర్పుకు వచ్చారు.

దీనికి తోడు ఆయన మరో వస్తువును సాక్షిగా నిలబెట్టారు. సైబీరియాలో క్రాస్నోయార్స్క్ ప్రాంతంలో 1749లో యాకోవ్ మెద్వెదేవ్ అనే కమ్మరికి దాదాపు 700 కిలోల ఇనుప ముద్ద దొరికింది. అది ఆకాశం నుంచి పడిందని అక్కడి తాతారు ప్రజలు నమ్మేవారు. 1772లో పల్లాస్ అనే శాస్త్రవేత్త దాన్ని చూసి లోకానికి తెలియజేశారు. జల్లెడ వంటి ఇనుములో పసుపుపచ్చని గాజు వంటి గింజలు పొదిగి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల అగ్నిపర్వతం లేదు. ఏ కొలిమిలోనూ అలాంటి ముద్ద తయారు కాదు. పిడుగు వల్ల ఇంత లోహం పుట్టదు. ఇలా ఒక్కొక్క కారణాన్ని కొట్టివేసి, ఇది అంతరిక్షం నుంచి వచ్చిందే అని 1794లో ఆయన ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. అగ్నిగోళాలు, రాలిన రాళ్లు, ఇనుప ముద్దలు మూడూ ఒకే విషయమని అందులో ఆయన వాదన. చాలామంది హేళన చేశారు. ఉద్యోగం లేని మనిషికి మిగిలింది పేరు ఒక్కటే. దాన్నే ఆయన పణంగా పెట్టారు.

రాళ్లే వచ్చి సాక్ష్యం చెప్పాయి

పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే, 1794 జూన్ 16న ఇటలీలోని సియెనా దగ్గర రాళ్లు పడ్డాయి. 1795 డిసెంబరు 13న ఇంగ్లండులోని వోల్డ్ కాటేజ్ దగ్గర సుమారు 25 కిలోల రాయి పొలంలో పడింది. ఆ తర్వాతి సాక్ష్యం మన దేశం ఇచ్చింది. 1798 డిసెంబరు 19న రాత్రి కాశీ దగ్గరి క్రఖుత్ గ్రామంలో రాళ్లు కురిశాయి. తెల్లవారి పొలాల్లో మట్టి కొత్తగా పెళ్లగిలిన చోట్లు చూసుకొని గ్రామస్థులు వాటిని తవ్వి తీశారు. ఒక రాయి కావలివాని గుడిసె పైకప్పును చీల్చుకొని మట్టి నేలలో దిగింది.

ఈ రాళ్లన్నింటినీ 1802లో లండన్‌లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించారు. దూరదూర దేశాలలో పడిన ఆ రాళ్లు ఒకదానికొకటి పోలి ఉన్నాయి. వాటిలోని ఇనుములో నికెల్ కలిసి ఉంది. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లోని లేగ్ల్ దగ్గర దాదాపు 3000 రాళ్లు ఒకేసారి పడ్డాయి. ప్రభుత్వం పంపగా బియో అనే శాస్త్రవేత్త ఊరూరా తిరిగి జనాన్ని విచారించి నివేదిక ఇచ్చారు. దానితో వాదన ముగిసింది. క్లాడ్నీ గెలిచారు. అంతకంటే ముఖ్యంగా లూసే కూలీలు, బార్బోటాన్ ఊరివారు గెలిచారు.

రాతి ఒంటి మీది గుర్తులు

ఆకాశపు రాయి తన ప్రయాణాన్ని తన ఒంటి మీదనే రాసుకొని వస్తుంది. సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గని వేగంతో అది గాలిలోకి దూసుకు వస్తుంది. ముందున్న గాలి నలిగి విపరీతంగా వేడెక్కి రాతి పైభాగాన్ని కరిగిస్తుంది. కరిగింది కరిగినట్టే వెనక్కు ఎగిరిపోతుంది. ఇదంతా కొద్ది సెకన్ల పని కాబట్టి వేడి లోపలికి దిగే సమయం ఉండదు. వేగం తగ్గాక చివరగా కరిగిన పలుచని పూత గడ్డకట్టి నల్లని పొర అవుతుంది. సాధారణంగా దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉన్నట్టు, నల్లని తోలు కింద చాలా రాళ్లలో బూడిదరంగు కనిపిస్తుంది.

కొన్నింటి మీద జొన్నపిండి ముద్దను బొటనవేలితో నొక్కినట్టు గుంటలు ఉంటాయి. రాయి దొర్లకుండా ఒకే వైపుగా వస్తే ముందుభాగం మొద్దుబారిన శంఖువులా మారి, దాని మీద కరిగిన ధారలు గీతలుగా నిలుస్తాయి. దారిలో పగిలితే పగిలిన ముఖం మీద పొర పలుచగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. నేల మీద ఏళ్ల తరబడి పడి ఉంటే నలుపు పోయి తుప్పు రంగు వస్తుంది.

మన ప్రాంతంలో నల్లరాళ్లకు కొదవ లేదు. పూర్వం ఇనుము కరిగించిన చోట మిగిలిన చిట్టెం కూడా నల్లగా, బరువుగానే ఉంటుంది. అయితే చిట్టెంలో బుడగలు పేలినట్టు రంధ్రాలు ఉంటాయి. ఆకాశపు రాయిలో అవి దాదాపు ఉండవు.

సేకరణ – చివరి రోజులు

తర్వాతి కాలంలో క్లాడ్నీ బండిలో వాయిద్యాలతో పాటు ఉల్కాశకలాలు కూడా చేరాయి. వెళ్లిన ప్రతి నగరంలో ఎవరి దగ్గర ముక్క ఉన్నా చూసేవారు, వీలైతే సంపాదించేవారు. 1819లో అప్పటిదాకా తెలిసిన ఉల్కాపాతాలన్నింటినీ కూర్చి వియన్నాలో పెద్ద గ్రంథం ప్రచురించారు. పెళ్లి చేసుకోలేదు. ఆస్తిపాస్తులు లేవు. 1827 ఏప్రిల్ 3న, ఉపన్యాసాల కోసం వెళ్లిన బ్రెస్లావ్ నగరంలో 70వ ఏట కన్నుమూశారు. తన రాళ్లను బెర్లిన్ విశ్వవిద్యాలయపు మ్యూజియానికి రాసిచ్చారు. నేడు చంద్రుని మీద ఒక బిలానికి, ఉల్కాశకలంలో దొరికిన ఒక ఖనిజానికి ఆయన పేరు ఉంది.

మన నేల మీద

తెలుగు నేల మీద కూడా ఆకాశపు రాళ్లు పడ్డాయి. 1814లో గుర్రంకొండ దగ్గర, 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలో రాళ్లు పడ్డాయి. రెండోది యాటూరు పేరుతో రికార్డయింది. సరిగ్గా 18 ఏళ్ల తర్వాత, 1870 జనవరి 23న ఉత్తరాంధ్రలో నెడగొల్ల పేరుతో రికార్డులకెక్కిన ఇనుప ముద్ద పడింది. పొలాల్లో, ఊళ్లలో ఉన్న మామూలు మనుషులు చూసి చెప్పకపోతే ఇలాంటివి ఏ పుస్తకంలోకీ ఎక్కవు.

ఇక ముందు మన మూడు జిల్లాల్లో ఎక్కడ పడినా మొదట చూసేది గొర్రెల కాపరో, నడిగడ్డ రైతో, నల్లమల చెంచు సోదరుడో అవుతారు. అలా ఎవరైనా చెబితే నవ్వకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి వచ్చింది, మోత ఎంతసేపటికి వినిపించింది అని అడిగి రాసుకోండి. రాయి ఉన్నచోటే ఫోటో తీయండి. కడగవద్దు, పగలగొట్టవద్దు. అయస్కాంతం కూడా తగిలించవద్దు. దానివల్ల రాతిలోని పాత అయస్కాంత గుర్తు చెరిగిపోతుంది. శుభ్రమైన కవరులో పెట్టి మీ సైన్సు సారు ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలపండి. హైదరాబాదులో వారి కార్యాలయం ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లము మేమే మొదలు. మీలో కూడా ఎక్కువమంది అంతే. మన అమ్మానాన్నలు కళ్లారా చూసింది చెప్పినా కాగితం ఏదని అడిగే కిటికీల ముందు మనం నిలబడ్డాము. రేపు చదువుకొని ఆ కిటికీకి అవతలి వైపు కూర్చునేది మనమే. అప్పుడు వేలిముద్ర వేసే మనిషి వచ్చి ఏదైనా చెబితే, ముందు పూర్తిగా వినాలి. తర్వాత పరీక్షించాలి. వినకుండా కొట్టివేయడం శాస్త్రం కాదు, పరీక్షించకుండా నమ్మడమూ శాస్త్రం కాదు. క్లాడ్నీ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదే. మీరూ నేర్చుకుంటారని ఆశిస్తున్నాము.