అద్దె లెక్క రాసిన విశ్వాసి

ఆదివారం ఆరాధన ముగిశాక మా చేతికి వచ్చే ప్రార్థన విన్నపాల చీటీల్లో ఈమధ్య ఒక కొత్త భారం కనబడుతోంది. ఒకప్పుడు వీసా కోసం, ఉద్యోగం కోసం రాసేవారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో చదువుతున్న మా బాబుకు అద్దె ఇల్లు దొరకాలని, మా పాప ఉంటున్న ఇంటిని ఖాళీ చేయమనకుండా ప్రభువు ఓనరు మనసు మార్చాలని రాస్తున్నారు. అక్కడ అద్దెను వారానికి ఇంత అని చెబుతారు. మన తల్లిదండ్రులు ఆ అంకె విని నెలకేమో అనుకుని, విషయం తెలిశాక నోట మాట రాక ఊరుకుంటారు.

ఆ చీటీలు చదువుతుంటే మాకు ఫ్రెడరిక్ ఆస్వాల్డ్ బార్నెట్ గుర్తుకు వస్తున్నారు. ఆస్ట్రేలియాలో పేదల ఇళ్ల చరిత్ర ఎవరు రాసినా ఆయన పేరు లేకుండా రాయలేరు. మన సంఘాల్లో మాత్రం ఆయనను ఎరిగినవారు తక్కువ. ఆయన పాస్టరు కాదు, మిషనరీ కాదు. మెథడిస్టు సంఘంలో ఒక సామాన్య విశ్వాసి. వృత్తికి అకౌంటెంటు.

1883లో మెల్‌బోర్న్ నగరంలోని బ్రన్స్‌విక్‌లో పుట్టారు. మొదట బడిపంతులుగా పనిచేసి, తరువాత లెక్కల వృత్తిలోకి వెళ్లారు. నలభై ఏళ్ల వయసు వచ్చేవరకు ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదనే అనాలి. ఉద్యోగం, కుటుంబం, ఆదివారం గుడి. మనలో చాలామంది జీవితం అంతే కదా. 1920లలో ఆయన మొదటిసారి ఒక మురికివాడ ఇంటి లోపల అడుగుపెట్టారు. ఆ తరువాత పాత జీవితం ఆయనకు చాలలేదు.

మెల్‌బోర్న్ అప్పటికి ఐశ్వర్యం గల నగరం. వెడల్పాటి రోడ్లు, ట్రాములు, రాతి గుళ్లు. అయితే ఫిట్జ్‌రాయ్, కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ వంటి పేటల్లో పెద్ద వీధికి వెనుక సందులు ఉండేవి. ఆ సందుల్లో పుచ్చిపోయిన చెక్క ఇళ్లు, చెమ్మ పట్టిన గోడలు, స్నానాల గది లేని కాపురాలు. ట్రాములో గుడికి వెళ్లే విశ్వాసికి అవి కనబడవు. బార్నెట్ తరువాత రాసిన పుస్తకం పేరులోనే ఈ సంగతి ఉంది. అక్కడ ఉన్నాయని ఎవరూ అనుమానించని మురికివాడలు అని దాని అర్థం.

మొదట ఆయన చేసింది మనమందరం చేసేదే, అంటే ధర్మకార్యం. 1929లో సౌత్ యారాలో మెథడిస్టు శిశు గృహం తెరవడానికి ముందుండి పాటుపడ్డారు. తల్లిదండ్రుల సంరక్షణ లేని పసిపిల్లలు అక్కడ పెరిగారు. మంచి పని. అక్కడే ఆగి ఉంటే గుడి గోడ మీద ఒక ఇత్తడి పలకతో ఆయన కథ ముగిసేది. కాని ఆయన లెక్కల మనిషి. పిల్లలను కాపాడుతున్నాం సరే, ఈ పిల్లలు వస్తున్న ఇళ్లు ఎందుకు ఇలా ఉన్నాయి అనే ప్రశ్న ఆయనను వదల్లేదు.

విశ్వవిద్యాలయంలో చేరి ఆ ప్రశ్న మీదే పరిశోధన చేసి 1931లో మాస్టర్స్ పట్టా పొందారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో! ఇల్లిల్లూ తిరిగి, కుటుంబానికి ఎంత వస్తోంది, అద్దెకు ఎంత పోతోంది అని రాసుకున్నారు. వారం మొదట్లో అద్దె కట్టాలి. బియ్యం, పాలు, మందులు అన్నీ ఆ తరువాతే అనే బాధ అద్దె ఇంట్లో పెరిగినవారికి వివరించనక్కరలేదు. అక్కడ వాళ్లకు బియ్యం బదులు రొట్టె, అంతే తేడా. అది ఆర్థిక మాంద్యం కాలం. 1932 నాటికి కార్మిక సంఘాల సభ్యుల్లో దాదాపు 30 శాతం మందికి పని లేదు. పని లేదని అద్దె ఆగదు. 1931 జూన్‌లో సిడ్నీలోని న్యూటౌన్, బ్యాంక్స్‌టౌన్ పేటల్లో పోలీసులు ఇళ్లు ఖాళీ చేయించడానికి వస్తే నిరుద్యోగులు ఇసుక బస్తాలు పేర్చి లోపలే ఉండిపోయారు. రక్తం కారింది.

బార్నెట్ కెమెరా పట్టుకుని సందుల్లో తిరిగారు. ఆ ఫోటోలను మ్యాజిక్ లాంతరు మీద గుళ్లలో, హాళ్లలో చూపించారు. స్నేహితులను పోగుచేసి ఒక అధ్యయన బృందం నడిపారు. చివరకు 1936లో విక్టోరియా రాష్ట్ర ప్రీమియర్ ఆల్బర్ట్ డన్‌స్టన్‌ను స్వయంగా ఆ సందుల వెంట నడిపించారు. డన్‌స్టన్ రైతుల పార్టీ నాయకుడు. ఆ సందుల్లో ఆయనకు రావలసిన ఓట్లేమీ లేవు. అయినా ఆ నడక పని చేసింది. అదే ఏడు ప్రభుత్వం విచారణ బోర్డు వేసింది, బార్నెట్ అందులో సభ్యుడయ్యారు. ఏడు వేలకు పైగా ఇళ్లను పరిశీలించి, అత్యధిక భాగం మనుషులు ఉండదగ్గవి కావని ఆ బోర్డు 1937లో నివేదిక ఇచ్చింది. 1938లో విక్టోరియా హౌసింగ్ కమిషన్ ఏర్పడింది. బార్నెట్ దానికి ఉపాధ్యక్షుడై పదేళ్లు పనిచేశారు.

ఆ పదేళ్లలో ఆయన పట్టుబట్టిన విషయాల్లో ఒకటి మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ఇంటి అద్దెను ఇంటిని బట్టి మాత్రమే కాక ఇంట్లో ఉండేవారి సంపాదనను బట్టి కూడా నిర్ణయించాలన్నారు. ఆదాయం తగ్గితే అద్దె తగ్గాలి. ఆ ఆలోచన ఆయన ఒక్కడిదే కాదు గాని, దాన్ని లెక్కల్లోకి దింపి నిలబెట్టినవారిలో ఆయన ముందున్నారు. 1945లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య కుదిరిన గృహనిర్మాణ ఒప్పందంలో కనీస వేతనం మీద బతికే కుటుంబం ఆదాయంలో అయిదో వంతుకు మించి అద్దె కట్టనక్కరలేదనే ఏర్పాటు చేరింది. అంతకుముందు 1941లో, యుద్ధకాలపు నిబంధనల కింద ప్రైవేటు అద్దెలకు కూడా కళ్లెం పడింది.

ఇది ఎంతోకాలం నిలవలేదు. 1948లో అద్దెలు, ధరల మీద అధికారాన్ని కేంద్రానికి శాశ్వతంగా ఇవ్వాలా అని ప్రజాభిప్రాయం అడిగితే ఓటర్లు వద్దన్నారు. బార్నెట్ కమిషన్ పదవీకాలం కూడా అదే ఏడు ముగిసింది. 1956 ఒప్పందంతో ప్రభుత్వ డబ్బు కొంత సొంత ఇళ్ల వైపు మళ్లింది.

ఇంతవరకు రాసి ఆపితే ఒక పరిశుద్ధుని కథ అవుతుంది. ఆయన చరిత్రలో మమ్మల్ని ఇబ్బంది పెట్టే పేజీ కూడా ఉంది, దాన్ని దాటవేస్తే మీకు అన్యాయం చేసినవారమవుతాం. బార్నెట్ సందుల్లో తిరిగారు గాని సందుల్లో ఉండలేదు. ఆ ఇళ్లలో ఉన్నవారిని యోగ్యులు, అయోగ్యులు అని వేరుచేసే చూపు ఆయనకూ ఆయన తోటివారికీ ఉండేది. ఇల్లు కూల్చి కొత్తది కట్టి ఇస్తే మనిషి బాగుపడతాడని నమ్మారు. ఆ మనిషికి ఏం కావాలో అడగాలని పెద్దగా తోచలేదు. వీధి చివర చుట్టాలు, అప్పు పెట్టే కొట్టు, నడిచి వెళ్లగల పని, ఇవన్నీ ఆ పాత ఇంటితో ముడిపడి ఉన్నాయని ఫోటోలో కనబడదు. అదే కాలంలో ఆంగ్లికన్ ఫాదర్ జెరార్డ్ టక్కర్ తాను స్థాపించిన బ్రదర్‌హుడ్ ఆఫ్ సెయింట్ లారెన్స్‌ను 1933లో ఫిట్జ్‌రాయ్‌కే తీసుకువచ్చి ఆ జనం మధ్య కాపురం పెట్టారు. ఇద్దరూ మురికివాడలు పోవాలన్నవారే. అయినా ఈ తేడా చిన్నది కాదు.

బార్నెట్ కమిషన్ వదిలిన తరువాత, 1960లలో, ఆయన సాధించిన చట్టం చేతికిచ్చిన అధికారాలతోనే కమిషన్ వీధులకు వీధులు కూల్చి ఇరవై, ముప్పై అంతస్తుల కాంక్రీటు టవర్లు లేపింది. బాగానే ఉన్న ఇళ్లు కూడా వాటిలో పోయాయి. కార్ల్‌టన్, ఫిట్జ్‌రాయ్ జనం తిరగబడ్డారు. ఈసారి బ్రదర్‌హుడ్ కూడా ఆ విధానాన్ని విమర్శించింది. టవర్లు బార్నెట్ కట్టినవి కావు. ఆ పాపం ఆయన తలకు చుట్టం. కాని అడగకుండా మేలు చేసే అలవాటుకు మొదటి రోజుల్లోనే పునాది పడింది.

ఆ టవర్లలో తరువాత వియత్నాం నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలు కాపురాలు పెట్టుకున్నాయి. 2023 సెప్టెంబరులో విక్టోరియా ప్రభుత్వం మెల్‌బోర్న్‌లోని ఆ 44 టవర్లనూ 2051 నాటికి కూల్చి తిరిగి కడతామని ప్రకటించింది. ముందుగా మమ్మల్ని అడగలేదని కొందరు కోర్టుకు వెళ్లారు.

నేడు ఆస్ట్రేలియాలో దాదాపు మూడో వంతు కుటుంబాలు అద్దెకు ఉంటున్నాయి. ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల చౌక ఇళ్లలో ఉన్నవారు నూటికి నాలుగు కుటుంబాలే. మిగతావారంతా మన పిల్లల్లాగే ప్రైవేటు ఓనర్ల దయ మీద ఉన్నారు. అయితే చట్టం కొంత కదిలింది. కారణం చెప్పకుండా ఇల్లు ఖాళీ చేయించడాన్ని న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రెండూ 2025లో ఆపేశాయి. విక్టోరియాలో పన్నెండు నెలలకు ఒకసారి మాత్రమే అద్దె పెంచవచ్చు. పిల్లలతో ఫోనులో మాట్లాడే తల్లిదండ్రులు ఈ సంగతి చెప్పండి. ఓనరు చెప్పిందల్లా వేదం అనుకుని చాలామంది భయపడి సంతకం పెడుతున్నారు.

బార్నెట్ తీసిన ఫోటోలు విక్టోరియా స్టేట్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. పెరట్లో నిలబడ్డ పిల్లలు, గుమ్మంలో తల్లులు. వాళ్లు మాట్లాడి ఉంటే ఏం చెప్పేవారో అని మేము చాలాసేపు చూశాం.

మా గుడి ప్రహరీని ఆనుకుని సంఘానికి నాలుగు షాపులు ఉన్నాయి. ఒక దాని వెనుక గదిలో టైలరు కుటుంబం కాపురం ఉంటోంది. అద్దె పెంచాలనే కాగితం పోయిన నెల కమిటీ ముందుకు వచ్చింది. పైకప్పు మరమ్మతుకు డబ్బు కావాలి, నిజమే. నిర్ణయించే ముందు ఆ నలుగురినీ పిలిచి కూర్చోబెట్టి అడుగుదామని మేము అన్నాం. అద్దెకున్నవాళ్లను కమిటీలోకి పిలవడమేమిటని ఒక పెద్దాయన నవ్వారు. విషయం వచ్చే నెలకు వాయిదా పడింది. టైలరుకు ఈ సంగతి ఇంకా తెలియదు. ఈ వారం వెళ్లి చెబుతాం.