ఉమరు ఖలీఫా చరిత్రము

ఇస్లాము మతము కత్తివలననే వ్యాపించినదని యొకరును, కేవలము బోధవలననే వ్యాపించినదని యింకొకరును వాదించుట మనము సభలయందుఁ బలుమాఱు వినుచున్నాము. ఉభయపక్షములవారును సాక్ష్యము చూపక తీర్పునే ముందుగాఁ జెప్పుచుందురు. న్యాయస్థానములలో దినములు గడపు మాకు ఈ పద్ధతి రుచింపదు. ఏ మనుష్యుని యేలుబడిలో అరబ్బుల సైన్యములు సిరియా, ఇరాకు, ఈజిప్టు దేశములను, పారసీకమున గొప్పభాగమును జయించెనో, ఆ మనుష్యుని చరిత్రమును బట్టి యీ వ్యాజ్యమును విచారించుట మేలని మాకుఁ దోఁచినది. ఆయన రెండవ ఖలీఫా యగు ఉమరు. 634 మొదలు 644 వఱకుఁ బదియేండ్లు పాలించెను. ఆయనంగూర్చిన వృత్తాంతములలో ననేకములు నూఱు రెండువందల యేండ్లకుఁ దరువాత ముస్లిము పండితులు సంప్రదాయమునుండి కూర్చినవి గనుక, నిలుకడగల సంగతులను సంగతులుగాను, కథలను కథలుగాను జెప్పెదము.

ఉమరు మక్కానగరమున ఖురైషు తెగలో అదీ వంశమునఁ బుట్టెను. తండ్రియగు ఖత్తాబు మిక్కిలి కఠినుఁడు. బాల్యమునఁ దండ్రి యొంటెలను మేపుచు దెబ్బలు తినిన దినములను ఉమరు ఖలీఫా యైన పిదప సయితము తలఁచుకొనుచుండెడివాఁడఁట. ఆయన పొడగరి, బలశాలి, మల్లయుద్ధమున నేర్పరి. చదువను వ్రాయను నేర్చినవారు మక్కాలోఁ గొలఁదిమందియే యున్న కాలమున ఆయన యా విద్య నెఱిఁగియుండెను. జీవనము వర్తకము.

సుమారు 610లో మహమ్మదు ప్రవక్తగారు దేవుఁడొక్కఁడే యని బోధింప నారంభించినప్పుడు మక్కా పెద్దలకు అది పితరుల మర్యాదకును, కాబా యాత్రలవలనఁ గలుగు లాభమునకును గూడ ముప్పుగాఁ గనఁబడెను. ఆ విరోధులలో ఉమరు మిక్కిలి తీవ్రుఁడు. క్రొత్తమతముఁ జేరిన యొక దాసిని తాను అలసిపోవువఱకుఁ గొట్టెడివాఁడనియు, అబూ బకరు ఆమెను కొని విడిపించెననియు ముస్లిము చరిత్రకారులే వ్రాసియున్నారు.

ఆయన మతము మాఱుట సుమారు 616లో జరిగెను. అందఱు నెఱిఁగిన కథ యిది. ప్రవక్తను జంపుదునని కత్తి పట్టుకొని పోవుచుండఁగా, ముందు నీ యింటిని జక్కఁబెట్టుకొమ్మని త్రోవలో నొకఁడు ఎత్తిపొడిచెను. సోదరి ఫాతిమాయు నామె భర్తయు రహస్యముగా ముస్లిములైరని అప్పుడు తెలిసెను. ఉమరు వారి యింటికిఁ బోయి, బావను బడఁద్రోసి, అడ్డమువచ్చిన సోదరిని రక్తము కాఱునట్లు కొట్టెను. ఆ రక్తముఁ జూచి సిగ్గుపడి, వారు చదువుచుండిన పత్రము నిమ్మని యడిగెను. స్నానము చేసి వచ్చిననే గాని యీయనని ఆమె పట్టుపట్టెను. ఆయన స్నానము చేసి, చదివి, తిన్నగాఁ బ్రవక్తయొద్దకుఁ బోయి శిష్యుఁడయ్యెను. ఈ మాఱ్పును వేఱు విధముగాఁ జెప్పు కథలును గలవు. ఏది యథార్థమైనను, తమ మహాపురుషుఁడు ఒకనాఁడు సోదరిని గొట్టినవాఁడని దాఁచిపెట్టక చెప్పుకొనిన యా జాతివారియెడల మాకు గౌరవము కలుగుచున్నది. మన జీవితచరిత్రకారులకు ఈ గుణ మింకను రావలసియున్నది.

622లో మక్కావారి బాధలు పడలేక ముస్లిములు మదీనాకు వలసపోయిరి. తరువాతి పదియేండ్లు ఉమరు ప్రవక్తగారి ముఖ్య సహచరులలో నొకఁడుగ మెలఁగెను. ఆయన కూఁతురు హఫ్సాను ప్రవక్తగారు వివాహమాడిరి. 632లోఁ బ్రవక్తగారు పరమపదించినప్పుడు ఉమరు ఆ మాటను నమ్మలేక, ఆయన మరణించెనని పలికినవారిని శిక్షింతునని మసీదులోఁ గేకలు వేయుచుండెను. అబూ బకరు వచ్చి, మహమ్మదు మనుష్యుఁడే యనియు, ఆరాధింపఁదగిన దేవుఁడు మాత్రము చావు లేనివాఁడనియు జనులకు బోధించెను. అది విని ఉమరు కాళ్లలో సత్తువ దప్పి నేలఁ గూలెను. ప్రవక్తనే దైవముగాఁ జేసికొను ప్రమాదము ఆ గడియలో ఎంత దగ్గఱకు వచ్చి తప్పిపోయెనో యోచింపఁదగినది.

ఆ దినముననే ఉమరు చొరవచేత అబూ బకరు ఖలీఫాగా నెన్నుకొనఁబడెను. ఆ యెన్నిక జరిగినచోట ప్రవక్తగారి అల్లుఁడు అలీ లేఁడు. హక్కు అలీదే యని షియాలు నేఁటికిని నమ్ముదురు గనుక ఉమరుపై వారి తీర్పు సున్నీల తీర్పువంటిది కాదు. ఇది పదునాలుగు శతాబ్దముల వ్యాజ్యము. మేము దానిలో వకాల్తా పుచ్చుకొనము. అబూ బకరు రెండేండ్లు పాలించి, 634లో మరణించుచు ఉమరును నియమించెను.

యుద్ధముల కథ పెద్దది. ఇచట సంగ్రహముగాఁ జెప్పెదము. రోము చక్రవర్తియుఁ బారసీక చక్రవర్తియు 602 మొదలు 628 వఱకుఁ దమలోఁ దాము పోరాడి యిరువురును జిక్కి శల్యమైరి. సిరియాలోను ఈజిప్టులోను అనేక క్రైస్తవులు సిద్ధాంతభేదమువలన కాన్‌స్టాంటినోపులు మతాధికారులచేత బాధింపఁబడుచుండిరి. ఇట్టి సమయమున అరబ్బులు 636లో యర్మూకునొద్ద రోమనులను గెలిచిరి. ఖాదిసియ్యాలోఁ బారసీకుల నోడించి వారి రాజధానిని బట్టుకొనిరి. 642 నాఁటికి ఈజిప్టు వశమయ్యెను. ఆ యేఁడే నహావందులోఁ బారసీకుల కడపటి మహాసైన్యము విఱిగెను. ఉమరు ఈ యుద్ధములలోఁ గత్తి పట్టలేదు. మదీనాలో అతుకుల బట్టలు కట్టుకొని యుత్తరములు వ్రాయుచుండెను. గెలుపులచేతఁ బ్రసిద్ధి కెక్కిన ఖాలిదు సేనాపతిని అధికారమునుండి తొలఁగించెను.

దేశములు గెలుచుట కత్తిపని యనుటకు సందేహము లేదు. గెలిచిన పిమ్మట ఓడినవాని భూమి, మతము ఏమాయెననునదియే మాకుఁ గావలసిన ప్రశ్న.

ఇరాకులోని సవాదు అను మాగాణిభూములు చేతఁ జిక్కినప్పుడు, వానిని కొల్లసొమ్ము పంచినట్లు తమకుఁ బంచియిమ్మని వీరులు కోరిరి. ప్రవక్తగారి సహచరులలోఁ గొందఱు వారిని బలపఱచిరి. ఉమరు దినములతరబడి సభ జరిపెను. ఇప్పుడే పంచివేసినచో రేపు పుట్టబోవువారికి మిగులున దేమి, సరిహద్దులను గాచు సైనికులకు జీతము లెక్కడనుండి వచ్చునని ఆయన వాదము. కడపట ఆ వాదమే గెలిచెను. భూమి దున్నువారియొద్దనే నిలిచెను. వారు పన్ను చెల్లింపవలయును. ఉస్మాను ఇబ్ను హునైఫు అను నతఁడు కొలతవేయఁగా మూఁడుకోట్ల అఱువదిలక్షల జరీబులు తేలినవని ఎనిమిదవ శతాబ్దపు న్యాయశాస్త్రజ్ఞుఁడు అబూ యూసుఫు వ్రాసెను. 1802 మొదలు ఉత్తర సర్కారులలో దున్నువానికిని సర్కారునకును నడుమ జమీందారు నిలిచిన చరిత్ర మెఱిఁగినవారికి ఈ ప్రశ్నయొక్క బరువును మేము వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

మతముమాట. క్రైస్తవులు, యూదులు, పారసీకులు తమ మతములయందే యుండవచ్చును; ప్రతిగా తలపన్ను చెల్లింపవలయును. సంపన్నునకు ఏఁట 48, నడితరమువానికి 24, కూలివానికి 12 దిర్హములు. స్త్రీలకును, పిల్లలకును, ఏమియు లేని బీదలకును లేదు. బిచ్చమెత్తుచుండిన యొక ముసలి గ్రుడ్డి యూదుని ఉమరు చూచి, వయసున నుండఁగాఁ బన్ను గొని ముసలితనమున విడిచిపెట్టుట న్యాయము గాదని ఖజానానుండి భరణము నేర్పఱచెనని అబూ యూసుఫే చెప్పెను. సైనికులను ఊళ్లలో జనులతోఁ గలియనీయక బస్రా, కూఫా, ఫుస్తాతు అను క్రొత్త దండుపట్టణములలో నుంచిరి. బలవంతపు మతమార్పు కోరిన ప్రభుత్వ మిట్లు చేయునా?

ఇంకొక సాక్ష్యము ఇంతకన్న బలమైనది. ఇస్లాముఁ జేరినవానికిఁ దలపన్ను పోవును గనుక జనులు చేరుకొలఁది ఖజానాకు నష్టము. అందుచేత తరువాతి ఉమయ్యదు వంశపు అధికారులలోఁ గొందఱు క్రొత్త ముస్లిములయొద్ద సయితము తలపన్ను రాఁబట్టుచుండిరి. 717 మొదలు 720 వఱకుఁ బాలించిన రెండవ ఉమరు ఆ యన్యాయమును మాన్పించెను. మతము వ్యాపించుట సర్కారునకే గిట్టుబాటు గాని కాల మొకటి యుండెను! ఈజిప్టు, పారసీక ప్రజలలో నధికసంఖ్యాకులు ముస్లిములగుటకుఁ గొన్ని శతాబ్దములు పట్టెను. పన్ను తప్పించుకొనుట, ఉద్యోగాశ, వివాహసంబంధములు, సూఫీల బోధ, మనఃపూర్వకమైన విశ్వాసము — ఇవి యన్నియుఁ గలసి పనిచేసినవి. మలబారు తీరమునకును, జావా సుమత్రా ద్వీపములకును ఆ మతము ముఖ్యముగా వర్తకుల యోడలమీఁదఁ బోయెను. కత్తి రాజ్యమును దెచ్చెను. ఆ రాజ్యపు నీడలో మతము మెల్లమెల్లగ నడచెను. నీడయుఁ గత్తిదే గదా యనువారికి మేము పూర్తిగాఁ గాదనము. తలపన్ను ఎంత కొంచెమైనను తక్కువతనమునకు గుఱుతే.

యెరూషలేము 637-38 ప్రాంతమున లొంగినప్పుడు ఉమరు స్వయముగ నచ్చటికిఁ బోయెను. మతాధిపతియగు సొఫ్రోనియసు ఆయనకు క్రీస్తు సమాధిమందిరముఁ జూపుచుండఁగా నమాజు వేళ యయ్యెను. లోపలనే చేయవచ్చునని యతఁడు చెప్పినను ఉమరు వెలుపలికి వచ్చి మెట్లపైఁ జేసెను. తాను లోపల నమాజు చేసినచో దానినే హక్కుగాఁ జెప్పి ముస్లిములు ఆ మందిరమును లాగుకొందురని వెఱచెను. ఈ కథ వ్రాసినవాఁడు పదియవ శతాబ్దపు క్రైస్తవ మతాధిపతి యూటికియసు. అనుభవమువలన హక్కు పుట్టునను సూత్రమును ఆయన యెంత చక్కఁగ గ్రహించెనో న్యాయవాదులు గమనింతురు గాక.

ఆయన మచ్చలేనివాఁడు గాఁడు. నజ్రాను క్రైస్తవులను, ఖైబరు యూదులను అరేబియానుండి వెడలఁగొట్టెను. వారికి వేఱుచోట భూములిచ్చిరని చెప్పుదురు గాని, ప్రవక్తగారితో నొడంబడిక చేసికొని పుట్టినయూర నున్నవారిని గదల్చుట మేము సమర్థింపఁజాలము. అరబ్బులను బానిసలుగ నుంచరాదనెను గాని యితరజాతుల బానిసత్వము నిలిచియే యుండెను.

చేయనిదానిని మాత్ర మాయనపై మోపరాదు. అలెగ్జాండ్రియా పుస్తకశాలను ఉమరు కాల్పించెనను మాట పాఠశాలలలోఁ గూడ వినఁబడుచుండెడిది. దీనిఁ జెప్పు మొదటి సాక్షులు సుమారు 1200 ప్రాంతమువారు, అనఁగా సంగతి జరిగెనను కాలమునకు అయిదువందల యేఁబదియేండ్లకుఁ దరువాతివారు. ఏడవ శతాబ్దముననే ఈజిప్టులో నుండి అరబ్బుల దండయాత్రను నిందించుచు వ్రాసిన నికియూ బిషప్పు జాను దీని నెత్తనే లేదు. విరోధి యెత్తని నేరమును ఏ న్యాయాధిపతి నమ్మును? 1899లో ఉమరు చరిత్రమును ఉర్దూలో వ్రాసి, తరువాతఁ గొన్నియేండ్లు హైదరాబాదునఁ గొలువు చేసిన షిబ్లీ నూమానీ పండితుఁడు ఈ పుస్తకశాల సంగతిపై వేఱొక వ్యాసమే వ్రాసెను.

639 ప్రాంతమున అరేబియాలో గొప్ప కఱవు వచ్చెను. ఈజిప్టు, సిరియాలనుండి ధాన్యము తెప్పించి పంచుచు, జనులకు దొరకనిదానిని తానును దిననని ఉమరు నేతిని మానుకొనెను. నూనె తిని తిని యాయన మేనిరంగు మాఱెనఁట. ఆకలిచే దొంగిలినవానికిఁ జేయి నఱకు శిక్షను ఆ యేఁడు నిలిపివేసెనని న్యాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శాసనము దైవదత్తమని నమ్మిన పాలకుఁడు, ఆ శాసనమునకు మూలమగు న్యాయమే లోపించినచోట దానిని బ్రయోగింపకుండుట మా మనస్సున కెక్కిన సంగతి. వేఱొకప్పుడు గుఱ్ఱమొకటి బేరమాడి, నడిపిచూచుటలో దానికి గాయము కాఁగా, తిరిగి పుచ్చుకొమ్మనెను. అమ్మినవాఁ డొప్పుకొనలేదు. మధ్యవర్తియగు షురైహు, తీసికొన్నప్పుడున్నట్లే తిరిగి యీయవలయును లేదా వెల యీయవలయునని ఖలీఫాకు వ్యతిరేకముగఁ దీర్పు చెప్పెను. ఉమరు వెల యిచ్చి, షురైహును గూఫా న్యాయాధిపతిగా నియమించెనని కథ.

ఆయన మరణమునకుఁ గారణమును ఒక తీర్పే. ఫీరోజు అను పారసీక దాసుఁడు తన యజమానుఁడు తన కూలినుండి దినమునకు రెండు దిర్హములు గొనుచున్నాఁడని మొఱపెట్టుకొనెను. ఉమరు అతని కెఱుకగల పనులెవ్వియో విచారించి, అంత నేర్పుగలవానికి అది యెక్కువ గాదనెను. దాసుని కూలిలో యజమానునకు హక్కెక్కడిదని ఆయనకుఁ దోఁపలేదు. ఆ కాలమున నెవ్వరికిని దోఁపలేదు. కొలఁదిదినములలో, 644 నవంబరులో, తెల్లవాఱుజామున నమాజు నడపుచుండఁగా ఫీరోజు ఆయనను బొడిచి, తానును బొడుచుకొని చచ్చెను. ఉమరు మూఁడుదినములు బ్రతికి, ఉస్మాను, అలీ మొదలగు ఆర్గురను దమలో నొకనిని ఎన్నుకొనుఁడని నియమించెను. కుమారుఁడగు అబ్దుల్లాను ఆలోచనకుఁ బిలువవచ్చును గాని పదవి మాత్ర మీయరాదని కట్టడి చేసెను.

ఇంకొక కుమారుఁడు ఉబైదుల్లా తండ్రిచావునకుఁ బగపట్టి, విచారణ లేకయే హుర్ముజాను అను పారసీకునిని, ఫీరోజు చిన్నకూఁతురిని గూడఁ జంపెను. అతనికి మరణదండన విధింపవలయునని అలీ పట్టుపట్టెను. క్రొత్త ఖలీఫా యగు ఉస్మాను రక్తద్రవ్యము చెల్లించి విడిచిపెట్టెను. ఉమరు బ్రతికియుండినయెడల నేమి చేసియుండునో ఆయన చరిత్రముఁ జదివినవారికిఁ దెలియును.

ఖురాను తొలి సంపుటము హఫ్సాయొద్ద భద్రముగ నుండెను. తరువాత ఉస్మాను ప్రతులు వ్రాయించినది దానినుండియే యని సంప్రదాయము. చనిపోవుచు ఉమరు తన యప్పులెంతో లెక్కింపుమని అబ్దుల్లా నడిగెను. సుమారు ఎనుబదియాఱువేల దిర్హములు తేలెను. ఖజానాను ముట్టక, తన సొత్తును, చాలనిచో బంధువుల సొత్తును దీసి తీర్పుమని చెప్పెను. అబ్దుల్లా యటులే తీర్చెను. ఆ ఋణమునకై యమ్మిన మదీనాలోని యింటికి ఋణము తీర్చిన యిల్లని చాలకాలము పేరు నిలిచియుండెనఁట.