లాస్లో కుబాలా

లాస్లో కుబాలా (జూన్ 10, 1927 - మే 17, 2002) హంగేరీలో జన్మించి, స్పెయిన్‌ను తన దేశంగా స్వీకరించిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు చెకోస్లోవేకియా, హంగేరీ, స్పెయిన్ - ఈ మూడు దేశాల జాతీయ జట్లలోనూ ఆడాడు. బార్సిలోనా క్లబ్బు చరిత్రలో అత్యుత్తమ ఆటగాళ్ళలో ఒకడిగా పేరు పొందాడు. మూడు దేశాల రంగుల చొక్కాలు తొడిగినప్పటికీ ప్రపంచ కప్ పోటీలలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోవడం ఇతని జీవితంలోని విశేషం. హంగేరీలో ఇతనిని లాస్లో అనీ, స్లోవేకియాలో లాడిస్లావ్ అనీ, స్పెయిన్‌లో లాడిస్లావో అనీ వ్యవహరిస్తారు.

బాల్యం

కుబాలా హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించాడు. తండ్రి తాపీ పనివాడు. తల్లి కర్మాగారంలో పనిచేసేది. కుటుంబ మూలాలు స్లోవాక్ జాతికి చెందినవి. తరువాతి కాలంలో ఇతడు చెకోస్లోవేకియా తరఫున ఆడడానికి ఈ మూలాలే తోడ్పడ్డాయి. చిన్నతనంలో గాంజ్ అనే కర్మాగారపు జట్టులో తనకంటే మూడు నాలుగేళ్ళు పెద్దవారితో కలిసి ఆడేవాడు. దృఢమైన శరీరం, బలమైన కాళ్ళు ఉండడంతో పెద్దవారి మధ్య కూడా బంతిని వదలకుండా నిలబడగలిగేవాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో బుడాపెస్ట్ లోని ప్రఖ్యాత క్లబ్బు ఫెరెన్‌త్స్‌వారోష్‌లో చేరాడు. తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన షాందోర్ కోచిష్ అక్కడ ఇతని సహచరుడు.

దేశం విడిచి వెళ్ళడం

1946లో నిర్బంధ సైనిక సేవ తప్పించుకొనేందుకు కుబాలా సరిహద్దు దాటి బ్రాటిస్లావా నగరానికి చేరాడు. అక్కడి క్లబ్బులో ఆడుతూ, ఆ జట్టు శిక్షకుడు ఫెర్డినాండ్ డౌచిక్ సోదరి అన్నా వియోలాను వివాహమాడాడు. 1946, 1947 సంవత్సరాలలో చెకోస్లోవేకియా జాతీయ జట్టు తరఫున 6 మ్యాచ్‌లు ఆడి 4 గోల్స్ చేశాడు. 1948లో అక్కడ కూడా సైన్యం నుండి పిలుపు వచ్చే సమయానికి తిరిగి హంగేరీ చేరుకొని వాషాష్ క్లబ్బులో ఆడాడు. హంగేరీ జాతీయ జట్టు తరఫున 3 మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. వాటిలో గోల్ చేయలేదు.

ఆ రోజులలో హంగేరీలో కమ్యూనిస్టు పాలన బలపడుతున్నది. దేశం విడిచి వెళ్ళడానికి ఎవరికీ అనుమతి దొరికేది కాదు. 1949 జనవరిలో కుబాలా మరికొందరితో కలిసి ఒక లారీ వెనుక భాగంలో దాగి సరిహద్దు దాటాడు. అమెరికా సైన్యం అధీనంలో ఉన్న ఆస్ట్రియా ప్రాంతానికి చేరి, అక్కడి నుండి ఇటలీ వెళ్ళాడు. ఇటలీలో ప్రో పాత్రియా క్లబ్బు ఇతనికి ఆశ్రయమిచ్చింది. అప్పటికి ఇతని వయస్సు 21 సంవత్సరాలు.

హంగేరీ ఫుట్‌బాల్ సమాఖ్య ఇతనిపై తీవ్రమైన ఆరోపణలు చేసింది. ఒప్పందాన్ని ఉల్లంఘించాడనీ, అనుమతి లేకుండా దేశం విడిచాడనీ, సైనిక సేవ ఎగవేశాడనీ ఫిర్యాదు చేసింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఆ ఫిర్యాదును అంగీకరించి ఇతనిపై ఏడాది నిషేధం విధించింది. ఒక సమాఖ్య దగ్గర నమోదైన ఆటగాడు దాని అనుమతి పత్రం లేకుండా మరొక దేశంలో అధికారిక పోటీలు ఆడకూడదన్న నియమమే దీనికి ఆధారం. కాబట్టి కాందిశీకుడైన ఆటగాడికి ప్రాణభయం తొలగినా పని దొరికేది కాదు. స్నేహపూర్వక మ్యాచ్‌లు మాత్రమే మిగిలేవి.

అటువంటి ఒక మ్యాచ్ కుబాలా ప్రాణం తీసి ఉండేది. 1949 మే నెలలో ఇటలీలోని తొరినో క్లబ్బు లిస్బన్‌లో బెన్‌ఫికాతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడడానికి వెళుతూ కుబాలాను కూడా ఆహ్వానించింది. కుమారునికి జబ్బు చేయడంతో ఇతడు చివరి నిమిషంలో ప్రయాణం మానుకున్నాడు. తిరుగు ప్రయాణంలో మే 4న ఆ జట్టు విమానం తూరిన్ దగ్గరి సుపెర్గా కొండ మీది ప్రార్థనాలయపు గోడను ఢీకొని అందులోని 31 మందీ మరణించారు. అప్పటికి వరుసగా ఇటలీ విజేతగా నిలుస్తున్న జట్టు దాదాపు మొత్తం ఆ ప్రమాదంలో అంతరించింది.

కాందిశీకుల జట్టు

1950 జనవరిలో, డౌచిక్ శిక్షకుడిగా, తూర్పు ఐరోపా దేశాల నుండి పారిపోయి వచ్చిన ఆటగాళ్ళతో కుబాలా హుంగారియా అనే జట్టును ఏర్పాటు చేశాడు. ఈ జట్టుకు సొంత మైదానం లేదు, ఏ లీగులోనూ స్థానం లేదు. ఊరూరా తిరిగి స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి పొట్ట పోసుకునేది. మన సురభి నాటక సమాజాలు కుటుంబాలతో సహా ఊళ్ళు తిరిగిన తీరు దీనిని చదివేవారికి గుర్తుకు రావచ్చు. అయితే వీరికి తిరిగి వెళ్ళడానికి సొంత ఊరు కూడా లేదు.

1950 వేసవిలో ఈ జట్టు స్పెయిన్ వచ్చి మాడ్రిడ్ ఎంపిక జట్టుతోనూ, ప్రపంచ కప్‌కు సిద్ధమవుతున్న స్పెయిన్ జట్టుతోనూ, ఎస్పాన్యోల్ క్లబ్బుతోనూ తలపడింది. కుబాలా ఆటను చూసిన రియల్ మాడ్రిడ్, బార్సిలోనా క్లబ్బులు రెండూ ఇతని కోసం పోటీపడ్డాయి. తన బావమరిది డౌచిక్‌ను కూడా శిక్షకుడిగా తీసుకోవాలని ఇతడు షరతు పెట్టాడు. బార్సిలోనా ప్రతినిధి జోసెప్ సమిత్యేర్ అందుకు అంగీకరించడంతో 1950 జూన్ 15న ఆ క్లబ్బుతో ఒప్పందం కుదిరింది. నిషేధం కారణంగా మరికొన్ని నెలలు స్నేహపూర్వక మ్యాచ్‌లకే పరిమితమై, 1951 ఏప్రిల్‌లో మొదటి అధికారిక మ్యాచ్ ఆడాడు. స్పెయిన్ పౌరసత్వం కూడా పొందాడు.

అప్పటి స్పెయిన్ నియంత జనరల్ ఫ్రాంకో ప్రభుత్వానికి కమ్యూనిస్టు దేశం నుండి పారిపోయి వచ్చిన క్రీడాకారుడు మంచి ప్రచార సాధనమయ్యాడు. ఇతని కథతో 1955లో తీసిన చలనచిత్రంలో కుబాలా తన పాత్రను తానే పోషించాడు. అదే ప్రభుత్వం కటలాన్ భాషను, సంస్కృతిని అణచివేస్తుండగా, కటలాన్ ప్రజలు తమదిగా భావించే ఏకైక పెద్ద వేదిక బార్సిలోనా క్లబ్బు. ఒకే వ్యక్తి ప్రభుత్వానికీ, దానిని వ్యతిరేకించే ప్రజలకూ కూడా ఆరాధ్యుడు కావడం అరుదుగా జరిగే సంగతి.

బార్సిలోనాలో

కుబాలా రాకతో బార్సిలోనా ఆట తీరే మారింది. ఎదుట గోడ కట్టి నిలబడిన ఆటగాళ్ళ తలల మీదుగా బంతిని వంపు తిప్పి గోల్ లోకి పంపే ఫ్రీకిక్ అప్పటి స్పెయిన్ ప్రేక్షకులకు కొత్త. ఒంటితో బంతిని కాపాడుకుంటూ ప్రత్యర్థిని వీపు మీద మోస్తున్నట్లుగా ముందుకు సాగే పద్ధతిని కూడా జనం వింతగా చూసేవారు.

1951-52 లీగులో కేవలం 19 మ్యాచ్‌లలో 26 గోల్స్ చేశాడు. అందులో స్పోర్టింగ్ హిహోన్ జట్టుపై ఒకే మ్యాచ్‌లో చేసిన 7 గోల్స్ ఉన్నాయి. ఆ సంవత్సరం బార్సిలోనా లీగు, స్పెయిన్ కప్, లాటిన్ కప్‌లతో సహా ఐదు ట్రోఫీలు గెలిచింది. ఇప్పటికీ ఆ జట్టును ఐదు కప్పుల జట్టు అనే పిలుస్తారు.

మరుసటి సీజనులో ఇతనికి క్షయ వ్యాధి సోకింది. ఆ రోజులలో క్షయ వచ్చిన క్రీడాకారుడు మళ్ళీ మైదానంలోకి రావడం ఎవరూ ఊహించనిది. కుబాలా మోనిస్ట్రోల్ దె కాల్దెర్స్ అనే పల్లెలో కొన్ని నెలలు విశ్రాంతి తీసుకొని సీజను ముగియక ముందే తిరిగి వచ్చాడు. బార్సిలోనా ఆ ఏడాది కూడా లీగు, కప్ రెండూ గెలుచుకుంది.

ఇతని ఆట చూడడానికి వచ్చే జనానికి పాత లెస్ కోర్ట్స్ మైదానం చాలలేదు. 90 వేలకు పైగా ప్రేక్షకులు పట్టే కాంప్ నౌ స్టేడియం 1957 సెప్టెంబరులో ప్రారంభమైంది. కుబాలా ఒక్కడి వల్లనే ఆ స్టేడియం కట్టవలసి వచ్చిందని బార్సిలోనా అభిమానులు అంటారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉన్నా పూర్తిగా అసత్యం కాదు.

1956లో సోవియట్ సేనలు హంగేరీ తిరుగుబాటును అణచివేసిన తరువాత మరికొందరు హంగేరీ ఆటగాళ్ళు విదేశాలలో నిలిచిపోయారు. వారిలో కోచిష్, జోల్తాన్ జీబోర్‌లను 1958లో బార్సిలోనాకు రప్పించడంలో కుబాలా ముఖ్య పాత్ర వహించాడు. ఈ ముగ్గురూ కలిసి 1961 మే 31న స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో యూరోపియన్ కప్ ఫైనల్ ఆడారు. బెన్‌ఫికా చేతిలో బార్సిలోనా 3-2 తేడాతో ఓడిపోయింది. కుబాలా కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. 1954 ప్రపంచ కప్ ఫైనల్‌లో కోచిష్, జీబోర్ ఉన్న హంగేరీ పశ్చిమ జర్మనీ చేతిలో ఇదే మైదానంలో, ఇదే 3-2 తేడాతో ఓడింది.

బార్సిలోనా తరఫున లీగులో ఇతడు 186 మ్యాచ్‌లలో 131 గోల్స్ చేశాడు. నాలుగు లీగు టైటిళ్ళు, ఐదు స్పెయిన్ కప్‌లు ఇతడున్న కాలంలో వచ్చినవే.

స్పెయిన్ జాతీయ జట్టు

1953 జూలైలో అర్జెంటీనాపై కుబాలా స్పెయిన్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. 1961 వరకు మొత్తం 19 మ్యాచ్‌లు ఆడి 11 గోల్స్ చేశాడు. 1957 నవంబరులో టర్కీపై 3-0 తేడాతో గెలిచిన మ్యాచ్‌లో మూడు గోల్స్ ఇతనివే.

ఆ టర్కీతోనే అంతకు మూడేళ్ళ ముందు చేదు అనుభవం ఎదురైంది. 1954 ప్రపంచ కప్ అర్హత పోటీలో స్పెయిన్ మొదటి మ్యాచ్‌ను 4-1 తో గెలిచి, రెండవదానిని 1-0 తో ఓడిపోయింది. అప్పటి నియమాల ప్రకారం గోల్స్ తేడాను లెక్కించేవారు కాదు. అందువల్ల మార్చి 17న రోమ్‌లో మూడవ మ్యాచ్ జరిగింది. మ్యాచ్‌కు ముందు కుబాలా అర్హతను ప్రశ్నిస్తూ స్పెయిన్ బృందానికి ఒక టెలిగ్రాం అందింది. దానితో ఇతనిని ఆడించలేదు. మ్యాచ్ 2-2 తో సమం కావడంతో, కళ్ళకు గంతలు కట్టిన ఒక బాలుని చేత చీటీ తీయించారు. చీటీలో టర్కీ పేరు వచ్చింది. స్పెయిన్ ఇంటికి వెళ్ళింది. ఆ టెలిగ్రాం ఎవరు పంపారన్నది స్పెయిన్‌లో చాలాకాలం చర్చనీయాంశమైంది.

అదే 1954లో కుబాలా వదిలి వచ్చిన హంగేరీ ప్రపంచ కప్ ఫైనల్ చేరింది. 1952 ఒలింపిక్ స్వర్ణం, 1953లో వెంబ్లీలో ఇంగ్లాండుపై 6-3 విజయం ఆ జట్టు సాధించినవే. కుబాలా దేశంలోనే ఉండి ఉంటే ఆ జట్టులో ఇతనికి స్థానం దక్కేదని చాలామంది భావిస్తారు. 1958 ప్రపంచ కప్‌కు స్పెయిన్ అర్హత పొందలేదు. 1960 ఐరోపా పోటీలో క్వార్టర్ ఫైనల్ కోసం సోవియట్ యూనియన్ వెళ్ళడానికి ఫ్రాంకో ప్రభుత్వం అంగీకరించకపోవడంతో జట్టు పోటీ నుండి తప్పుకోవలసి వచ్చింది. అర్జెంటీనా నుండి వచ్చిన ఆల్ఫ్రెడో డి స్టెఫానో కూడా అప్పటి జట్టులో ఉన్నాడు. ఒకసారి ఒక దేశానికి ఆడినవారు మరొక దేశానికి మారకుండా ఫిఫా 1960 దశకంలో నియమాలను కఠినం చేసింది. కాబట్టి మూడు దేశాలకు ఆడడం తరువాతి తరాలవారికి సాధ్యం కాలేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ మరొక పేరు ఆసక్తి కలిగించవచ్చు. మారిషస్‌కు వలస వెళ్ళిన తెలుగువారి సంతతికి చెందిన వికాస్ ధొరాసూ 2006 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ జట్టు సభ్యుడు. అయితే ధొరాసూ పుట్టింది ఫ్రాన్స్ లోనే. దేశం మారింది అతని పూర్వులు. కుబాలా విషయంలో సరిహద్దు దాటింది ఆటగాడే.

శిక్షకునిగా

1961లో బార్సిలోనా తరఫున ఆట విరమించి, కొంతకాలం అదే క్లబ్బుకు శిక్షకుడిగా ఉన్నాడు. తరువాత ఎస్పాన్యోల్ క్లబ్బుకు మారి అక్కడ మళ్ళీ బూట్లు తొడిగాడు. ఎదుటి పక్షానికి వెళ్ళాడని బార్సిలోనా అభిమానులు కొందరు నొచ్చుకున్నారు. స్విట్జర్లాండులోని జ్యూరిక్ క్లబ్బులోనూ, 1967లో కెనడాలోని టొరంటో ఫాల్కన్స్ జట్టులోనూ పనిచేశాడు.

1969లో స్పెయిన్ జాతీయ జట్టు శిక్షకుడిగా నియమితుడై 1980 వరకు 68 మ్యాచ్‌లకు బాధ్యత వహించాడు. 1974 ప్రపంచ కప్ అర్హత కోసం యుగోస్లావియాతో జరిగిన అదనపు మ్యాచ్‌లో స్పెయిన్ 1-0 తేడాతో ఓడింది. చివరకు 1978లో, అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ కప్‌కు జట్టును తీసుకువెళ్ళాడు. ఆటగాడిగా అందని ప్రపంచ కప్ మైదానాన్ని 51వ ఏట శిక్షకుని బెంచీ మీద కూర్చొని చూశాడు. స్పెయిన్ తొలి దశలోనే నిష్క్రమించింది. తరువాత సౌదీ అరేబియాలో అల్ హిలాల్ క్లబ్బుకు, 1995లో పరాగ్వే జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు.

మరణం, గుర్తింపు

1999లో బార్సిలోనా క్లబ్బు శతజయంతి సందర్భంగా అభిమానులు జరిపిన ఎన్నికలో క్లబ్బు చరిత్రలో అత్యుత్తమ ఆటగాడిగా కుబాలా ఎన్నికయ్యాడు. కటలాన్ గాయకుడు జోన్ మాన్యుయెల్ సెర్రాట్ ఇతని పేరుతోనే ఒక పాట రచించి పాడాడు. కుబాలా 2002 మే 17న, 74వ ఏట బార్సిలోనాలో మరణించాడు. 2009లో కాంప్ నౌ స్టేడియం వెలుపల ఇతని కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.