కత్తి కాంతారావు: గుడిబండ నుంచి వెండితెర గుర్రం దాకా.. చివరికి అద్దె ఇంట్లో!

గుర్రం దుమ్ము రేపుకుంటూ వస్తుంటుంది. పైన రాకుమారుడు. ఒక చేతిలో కళ్లెం, ఇంకో చేతిలో కత్తి. వెనక భటులు తరుముతుంటారు. 1960ల్లో టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్ జనం ఈలలు వేసి గోల చేసింది ఇలాంటి సీన్లకే. ఆ రాకుమారుడు చాలాసార్లు ఒక్కరే.. కత్తి కాంతారావు.

అసలు పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబర్ 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. అప్పట్లో నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లా. నాటకాల మీద మోజుతో ఊరు వదిలి మద్రాసు చేరారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిన హెచ్.ఎం.రెడ్డి కంట్లో పడటం ఆయన అదృష్టం. 1951లో 'నిర్దోషి'లో చిన్న వేషం, 1953లో 'ప్రతిజ్ఞ'లో ఏకంగా హీరో. విచిత్రం ఏంటంటే విలన్ రాజనాలకు కూడా అదే తొలి సినిమా. తర్వాత ఏళ్ల తరబడి వీళ్లిద్దరూ తెర మీద కత్తులు దూసుకుంటూనే ఉన్నారు.

అసలు మలుపు మాత్రం విఠలాచార్య దగ్గరే. 1959లో 'జయ విజయ', ఆ మరుసటి ఏడాది 'కనకదుర్గ పూజా మహిమ', 1963లో 'గురువును మించిన శిష్యుడు', 1965లో 'జ్వాలాద్వీప రహస్యం'.. వరసగా వచ్చాయి. పక్కన కృష్ణకుమారి ఉంటే జనానికి ఇంకేం అక్కర్లేదు. ఆ సినిమాలతోనే ఇంటిపేరు పోయి 'కత్తి' వచ్చి చేరింది.

ఇప్పుడు చూస్తే ఆ ఫైట్లు తేలిగ్గా అనిపించొచ్చు. గ్రాఫిక్స్ లేవు, చెరిపేయడానికి తాళ్లు లేవు. ఉన్నదల్లా కెమెరా, గుర్రం, మనిషి. కత్తియుద్ధం తీయాలంటే ఇద్దరి కాళ్లూ చేతులూ కనపడేలా దూరం నుంచి షాట్ పెట్టాలి. అడుగు తప్పితే ఆ షాట్ పోయినట్టే. ఫిల్ము ఖరీదు, మళ్లీ మళ్లీ తీసే స్తోమత చిన్న నిర్మాతలకు ఉండేది కాదు. అందుకే దెబ్బల వరసంతా డాన్సు నేర్చుకున్నట్టు కంఠతా పట్టాల్సిందే. మొద్దు చేసిన కత్తయినా వేళ్ల మీద పడితే గాయమే. చెవుల్లో మోగే ఖణేల్ ఖణేల్ తర్వాత కలిపిందే, తెర మీద తిరిగే చెయ్యి మాత్రం నటుడిది.

గుర్రపు ఛేజింగ్‌కి ఇంకో కిటుకుంది. మామూలుగా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. దాన్ని 18కి తగ్గించి తీసి, 24 వేగంతో తెర మీద ఆడిస్తే గుర్రం మూడో వంతు ఎక్కువ వేగంతో పరిగెత్తినట్టు కనిపిస్తుంది. మరీ తగ్గిస్తే కామెడీ అయిపోతుంది. కెమెరాకి దగ్గర్లో చెట్లో పొదలో అడ్డం పడుతుంటే వేగం ఇంకా పెరిగినట్టుంటుంది. హాలీవుడ్‌లోనూ ఇదే లెక్క. జాన్ ఫోర్డ్ 1939లో తీసిన 'స్టేజ్‌కోచ్' ఛేజింగ్‌ని కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సు మీద చిత్రీకరించారు. పరిగెత్తే గుర్రాల మధ్య నేల మీదికి జారి, బండి పైనుంచి పోతుంటే కింద పడుకున్న స్టంట్‌మ్యాన్ యాకిమా కానట్. అక్కడ ప్రాణం పణంగా పెట్టింది ఒకరు, పోస్టర్ మీద ముఖం ఇంకొకరిది. మన దగ్గరా డూపులు ఉండేవాళ్లు. కానీ కత్తియుద్ధంలో ముఖం కనపడాలి కాబట్టి హీరో తప్పించుకోవడం కష్టం. కాంతారావు పేరు నిలబడింది అక్కడే.

కత్తి ఒక్కటే కాదు. నారదుడి వేషం అంటే ఆయనే గుర్తొచ్చేంతగా వేశారు. 1963 నాటి రంగుల 'లవకుశ'లో లక్ష్మణుడూ ఆయనే. ఎన్టీఆర్, ఏఎన్నార్ రెండు కళ్లయితే కాంతారావు నడుమ తిలకం అని జనం చెప్పుకునేవారు. వినడానికి బాగుంది కానీ, పారితోషికాల్లో తిలకానికీ కళ్లకూ పోలికే లేదు!

దెబ్బ తగిలింది నిర్మాణంలో. హంసా బ్యానర్ పెట్టి 1969లో 'సప్తస్వరాలు', 'గండరగండడు' తీశారు. ఊళ్లో భూములు కరిగిపోయాయి. ఇక్కడో సంగతి గమనించాలి. 'గండరగండడు' దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్. రెండేళ్లు తిరగకుండానే, 1971లో, అదే దాస్ కృష్ణను పెట్టి రాజస్థాన్ ఎడారుల్లో 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. తెలుగులో తొలి కౌబాయ్ సినిమా. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి. గుర్రం అలాగే ఉంది, దుమ్ము అలాగే ఉంది, తరిమేవాళ్లూ ఉన్నారు. కత్తి పోయి తుపాకీ వచ్చింది. రంగులొచ్చాయి. నలుపు తెలుపు జానపదాలకు గిరాకీ పడిపోయింది. నలభై ఎనిమిదేళ్ల రాకుమారుడికి అప్పుడు కౌబాయ్ టోపీ పెట్టే నిర్మాత ఎక్కడ దొరుకుతాడు?

అయినా నిర్మాణం మానలేదు. 1981లో 'గువ్వల జంట', 1989లో 'స్వాతి చినుకులు'.. ఏదీ నిలబెట్టలేదు. దాదాపు 400 సినిమాల్లో నటించిన మనిషి చివరి రోజుల్లో హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటూ, దొరికిన చిన్న వేషాలు వేసుకుంటూ గడిపారు. 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'అనగనగా ఒక రాకుమారుడు'.

క్యాన్సర్‌తో పోరాడి 2009 మార్చి 22న హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 85 ఏళ్లు.